రెండూ ఒకేలా ఉన్నాయి

కళ్ళు మూసుకుని కూర్చోమంది నర్సు. కూర్చున్నాడు. తెరిస్తే మందు కారిపోయి కథ మళ్ళీ మొదటికొస్తుందట. కళ్ళు చూపించుకుందామని వచ్చినవాణ్ణి పట్టుకుని కళ్ళు మూసుకోమనడం బాగానే ఉంది, ఈ మధ్య అన్నీ ఇలాగే ఉన్నాయి, పని బాగా వచ్చినవాణ్ణి పట్టుకుని ఇక పని చెయ్యక్కర్లేదంటున్నారు. కళ్ళు మూసుకుంటే చీకటి అనుకుంటాం గానీ అది చీకటి కాదు, కిటికీ ఉన్నవైపు ఎర్రగా, రెండోవైపు కాస్త ముదురుగా, మధ్యలో ఏవో నలకలు పైకి లేస్తూ కిందికి దిగుతూ. మందు గొంతులోకి కూడా దిగినట్టుంది, నాలుక వెనక చేదు. చొక్కా జేబులో ఫోను గుండెకి ఆనుకుని ఉంది, ఇంకా కదల్లేదు. ఈ పూటే కబురు పంపిస్తామన్నాడు మేనేజరు, ఉంచుకునేవాళ్ళకీ సాగనంపేవాళ్ళకీ అందరికీ ఒక్కసారే, ఆఫీసుకే రానక్కర్లేదు, ఎక్కడున్నవాళ్ళు అక్కడే చదువుకోవచ్చు. ఇంట్లో ఉంటే ఇంటావిడ మొహం చూడాలి, ఆఫీసులో ఉంటే అందరి మొహాలూ చూడాలి. అందుకే ఎన్నాళ్ళనుంచో వాయిదా వేస్తున్న కంటి పరీక్ష ఇవాళ గుర్తొచ్చింది. చుక్కలు వేస్తాం, తోడు ఎవరైనా రావాలి అని ఆసుపత్రివాళ్ళు చెబితే, నేనొస్తా నాన్నా అంది కూతురు. అదిగో, పక్క కుర్చీలోనే ఉంది, సంచీ జిప్పు లాగుతోంది, వేస్తోంది, మళ్ళీ లాగుతోంది. ఆ పిల్లకీ ఆ కబురు కావాలి. అతనికంటే ఎక్కువ కావాలి, ఎందుకంటే కంప్యూటర్ల చదువు చివరి ఏడాదిలో ఉంది, అందులో పెట్టింది అతనే.

గోడకి అవతల అద్దాల గదిలో ఇంకెవర్నో కూర్చోబెట్టి అడుగుతోంది కళ్ళద్దాలు చూసే ఆవిడ. ఇది బాగుందా, ఇది బాగుందా? టిక్కుమని అద్దం మారిన చప్పుడు. ఇప్పుడు చెప్పండి, ఇదా, ఇదా? కాసేపటి కిందట అతన్నీ అలాగే అడిగింది, ముక్కుమీద బరువైన ఇనుప చట్రం ఒకటి పెట్టి, చేతికి అక్షరాల అట్ట ఒకటిచ్చి. చత్వారమండీ, నలభై దాటాక రానివాళ్ళెవరు, కంగారేం లేదు అంది. కంగారు ఎందుకు, ఇలాంటి ప్రశ్నకి జవాబు చెప్పడంలో అతన్ని మించినవాడు లేడు కదా, రెండేళ్ళుగా తినే తిండి అదే. రెండోది అన్నాడు ఠక్కున. మొదటిది అన్నాడు. మళ్ళీ మొదటిది. మీరు భలే చెబుతున్నారే అని మెచ్చుకుంది కూడా. తర్వాత తర్వాత టిక్కుమన్నప్పుడల్లా అక్షరాలు కొంచెమే కదిలాయి, చెప్పేముందు ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది, ఒకసారి ఏదో ఒకటి చెప్పేద్దామని రెండోదన్నాడు, ఆవిడ అవే అద్దాలు తిప్పి పెట్టి అడిగితే మళ్ళీ రెండోదే అన్నాడు. చివరికి, పాఠం రాని పిల్లాడిలా, రెండూ ఒకేలా ఉన్నాయండీ అని ఒప్పుకున్నాడు. ఆవిడ ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు సరికదా, సంతోషంగా చట్రం తీసేసింది. ఇంకేం, తేడా తెలియట్లేదంటే మా పని అయిపోయినట్టే అంది. ఆ మాట పాపం తన పని గురించే అంది. అతనికి మాత్రం తన పని గురించి అన్నట్టే వినిపించింది.

రెండేళ్ళ కిందట ప్రోగ్రాములు తనంతట తనే రాసే ఏఐ ఒకదాన్ని తెచ్చి కూర్చోబెట్టినప్పుడు ఆఫీసంతా నవ్వుకుంది, అందరికంటే గట్టిగా తనే నవ్వాడు. శిష్యుడు అని పేరు పెట్టింది కూడా తనే. స్క్రీన్ మీద ఎడమపక్క ఒక ప్రోగ్రాం, కుడిపక్క ఒక ప్రోగ్రాం, రెండూ అదే రాస్తుంది, ఏది బాగుందో నొక్కి, ఎందుకు బాగుందో కింద ఒక వాక్యం రాయాలి, అంతే పని. అంతకుముందు ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు రాసింది దిద్దేవాడు, ఇప్పుడు దీన్ని దిద్దడం, తేడా ఏముంది అనుకున్నాడు. మొదట్లో అది జీతాలు లెక్కకట్టమంటే చచ్చిపోయినవాడికి ఓవర్‌టైం ఇచ్చింది. ఇంటికొచ్చి, మా శిష్యుడు ఇవాళ ఏం చేశాడో తెలుసా అని మొదలుపెడితే తల్లీకూతుళ్ళు కంచాల ముందు పొట్ట పట్టుకునేవాళ్ళు. ఏడాది తిరక్కుండానే ఆ కథలు చెప్పడం మానేశాడు. ఎందుకు మానేశావు నాన్నా అని ఎవరూ అడగలేదు, నవ్వొచ్చేవి అయిపోయాయని వాళ్ళే గ్రహించి ఉంటారు. ఏకు మేకై కూర్చుందని ఇంటావిడ అంటుంది, నిజమే, కానీ ఏకుని మేకు చేసింది ఎవరు, ఎందుకు బాగుందో ఎందుకు బాగాలేదో రోజంతా ఓపిగ్గా, పొల్లు పోకుండా, పాతికేళ్ళుగా వేళ్ళకి పట్టిన ఒడుపంతా వాక్యాలు చేసి దాని నోట్లో పెట్టింది ఎవరు? ఇంత బాగా రాయకపోయినా జీతం అదే వచ్చేది. బాగా రాయడం తప్ప చేతకాదు, అదీ ఖర్మ.

వాక్యం చివర గుర్తు మరిచినా పట్టేస్తాడని సెమికోలన్ బాబాయ్ అనేవాళ్ళు పిల్లలు. కొత్తగా చేరినవాళ్ళు, గడ్డాలు సరిగ్గా రానివాళ్ళూ, మొదటి జీతంతో కొన్న చెప్పులు టకటకలాడించుకుంటూ తిరిగేవాళ్ళూ, సాయంత్రం అయ్యేసరికి అతని కుర్చీ వెనక క్యూ కట్టేవాళ్ళు, బాబాయ్ ఇది ఎందుకు ఆగిపోతోందో చూడవా అంటూ. చూసేవాడు, తిట్టేవాడు. ఇదేం కోడురా, ముందు కిటికీ తెరిచి ఇల్లు తుడవడానికి బయల్దేరినట్టుంది, దుమ్మంతా లోపలికే వస్తోంది చూసుకో అనేవాడు. నవ్వేవాళ్ళు, దిద్దుకునేవాళ్ళు, ఆర్నెల్లకి వాళ్ళు ఇంకొకర్ని తిట్టేవాళ్ళు. ఆ వరసంతా ఇప్పుడు ఖాళీ. ఎవర్నీ తీసెయ్యలేదు మొదట, కొత్తవాళ్ళని తీసుకోవడం మానేశారంతే. చిన్నచిన్న పనులు శిష్యుడు చేసేస్తున్నాడుగా అన్నారు. చిన్న పనులు తప్పుగా చేసి తిట్లు తినే కదా ఎవడైనా పెద్ద పనికి వచ్చేది, అది అడిగితే మేనేజరు తలూపాడు, చాలా మంచి పాయింటు అన్నాడు, రాసుకున్నాడు కూడా. కుర్చీలు మాత్రం బల్లలకి తిప్పిపెట్టి వరసగా అలాగే ఉన్నాయి. ఒక కుర్చీ వీపుకి ఎవరిదో స్వెట్టర్ వేలాడుతూ ఉండిపోయింది, ఊడ్చే ఆవిడ దాన్ని దులిపి మళ్ళీ అక్కడే వేస్తుంది.

"బాబూ, నిద్రపోయారా?" ఎడమవైపు నుంచి ఒక పెద్దావిడ గొంతు.

"లేదండీ, మందు వేశారు."

"నాకూ వేశారులెండి. కళ్ళ డాక్టరు దగ్గర గుడ్డివాళ్ళలా వరసగా కూర్చున్నాం చూడండి, అదే పళ్ళ డాక్టరయితే నోరన్నా తెరవనిచ్చేవాడు." నవ్వింది. "ఏం చేస్తుంటారు?"

"కంప్యూటర్లండీ. ప్రోగ్రాములు రాస్తాను." రాస్తాను అన్నాడే, రాసి ఎన్నాళ్ళయిందో.

"అబ్బో, మా మనవడిదీ అదే చదువు. ఇక మీకేం బాబూ, చల్లటి గదిలో కూర్చుని చేసే ఉద్యోగం."

కుర్చీ కిర్రుమంది, కూతురు కదిలింది. మీకేం అన్న మాటకి ఏం చెబుతాడో అని ఆ పిల్ల కూడా వింటోందని తెలుస్తూనే ఉంది. అవునండీ అన్నాడు. గది మాత్రం చల్లగానే ఉంటుంది.

జేబులో ఫోను వణికింది. ఒక్కసారి, పొట్టిగా, ఆఫీసు మెయిలు వచ్చినప్పుడు అలాగే వణుకుతుంది. గుండె దాన్ని చూసి తనూ ఒకసారి తన్నుకుంది. కూతురు చేతిలో జిప్పు చప్పుడు ఆగిపోయింది. కళ్ళు తెరిచినా ఇప్పుడు ఉపయోగం లేదు. సాయంత్రందాకా దగ్గరవేవీ కనపడవు, దూరానివే కనపడతాయి, చదవడాలూ ఫోన్లూ పెట్టుకోకండి అని నర్సు ముందే చెప్పింది, కూతురు అప్పుడు కౌంటర్ దగ్గర డబ్బు కడుతోంది. చదివిపెట్టు అంటే ఫోనే చదివిపెడుతుంది, ఒక్క బొత్తాం నొక్కితే చాలు, మెత్తటి గొంతు ఒకటుంది దానికి, తొణకదు బెణకదు, చావుకబురైనా వాతావరణమైనా ఒకే తీరు. దాని చేత మాత్రం చదివించుకోడు. ఆ మాత్రం పౌరుషం ఇంకా మిగిలి ఉన్నందుకు తనకే నవ్వొచ్చింది. నిండా మునిగినవాడికి చలేమిటి, అయినా ఉంటుంది చలి, మునిగినవాణ్ణి అడిగి చూస్తే కదా తెలిసేది.

లోపల నలకలు దిగుతున్నాయి. ఇది బాగుందా, ఇది బాగుందా, గోడ అవతల ఆవిడకి విసుగే లేదు. అతనికీ ఉండేది కాదు. పోయిన నెల మేనేజరు, ఈసారి ఒక కొత్త పద్ధతి అన్నాడు, జతలో ఒకటి శిష్యుడిది, ఒకటి మనవాళ్ళు ఎప్పుడో రాసిన పాత సరుకు, ఏది ఎవరిదో తెలియకుండా ప్రోగ్రాంలో అంకెలకీ లెక్కలకీ రాసినవాడు పెట్టుకున్న పేర్లన్నీ మార్చేసి ఇస్తాం, పక్షపాతం ఉండకూడదు కదా. సరే అన్నాడు. వారమంతా నొక్కాడు, ఎడమది, ఎడమది, కుడిది, కింద ఒక్కో వాక్యం. మీటింగు గదిలో ఫలితాలు గోడమీద వేసినప్పుడు అందరూ మెల్లగా చప్పట్లు కొట్టారు, ఎక్కువసార్లు శిష్యుడే గెలిచాడు, మన పెద్దవాళ్ళే తేల్చి చెప్పారు అన్నాడు మేనేజరు, పెద్దవాళ్ళంటే ఇతనివైపు చెయ్యి చూపించి. ఉదాహరణకని ఒక జత చూపించాడు. ఓడిపోయినదానికి పాత పేర్లు మళ్ళీ తగిలించి ఉన్నాయి. మధ్యలో, లెక్కపెట్టే అంకెకి పేరుగా పిచ్చుక అని ఉంది. ఒకటి పెరిగితే పిచ్చుక, రెండు పెరిగితే పిచ్చుక. లోకంలో ఇంకెవడూ ఆ పేరు పెట్టడు. కూతురు పుట్టిన కొత్తల్లో ఇంట్లోంచి పని చేస్తూ, ఆ పిల్లని ఎడమ భుజం మీద వేసుకుని ఒంటిచేత్తో రాసిన ప్రోగ్రాం అది, పిచ్చుకలా కిచకిచమంటోందని ఇంటావిడ అన్న మాట చెవిలో ఉండగానే వేళ్ళు ఆ పేరు కొట్టేశాయి, అప్పట్నుంచి ప్రతి లెక్కకీ అదే పేరు, ఇంట్లో పిల్లకీ అదే పేరు. గోడమీద ఆ ప్రోగ్రాం పక్కనే తన వాక్యం, తను రాసిందే, పెద్ద అక్షరాల్లో: చదవడానికి కష్టంగా ఉంది, రాసినవాడి ధ్యాస ఇంకెక్కడో ఉన్నట్టుంది. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. ఎవరిదో ఎవరికీ తెలియదు కదా. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, ఆ కాకే ఈకలు పీకిన తన పిల్లని పోల్చుకోలేక గూట్లోంచి తోసేస్తే ఆ సామెతకి ఏం చెప్పాలి? ధ్యాస ఇంకెక్కడో ఉన్నమాట మాత్రం నిజం. భుజం మీద ఉంది. పాల వాసన వేస్తూ, కిచకిచమంటూ, చొక్కా కాలరు చీకుతూ ఉంది. అది కోడులో తప్పుగా కనిపించిందన్నమాట, శిష్యుడి కోడులో అలాంటి తప్పు ఎప్పుడూ ఉండదు, దానికి భుజం లేదు.

కంపెనీ తప్పని అందామంటే నోరు రాదు. శిష్యుడిదే బాగుంది మరి. ఇంటికొచ్చి రెండూ పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చూశాడు, ఈసారి తనది ఏదో తెలిసే చూశాడు, కడుపుతీపి అంతా కలిపినా శిష్యుడిదే బాగుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఆ పిల్లకి ఏం చెబుతాడు? చిన్నప్పుడు వంటింటి బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని మొదటి ప్రోగ్రాం రాయించాడు, స్క్రీన్ మీద తన పేరే వరసగా పడుతుంటే కుర్చీలో ఎగిరింది, నేను చెబితే ఇది వింటోంది నాన్నా అంది. మొన్న అదే బల్ల దగ్గర ఉద్యోగానికి ఇంటర్వ్యూ అయింది. కొత్త చొక్కా ఇస్త్రీ చేసుకుని, జుట్టు లాగికట్టుకుని, వీధి తలుపు వేసుకుని కూర్చుంది, అతను కుక్కర్ కూతపెడుతుందేమోనని పొయ్యి ఆర్పేసి వంటింటి గుమ్మం ఇవతల నిలబడ్డాడు. అవతల మనిషి లేడు. కంప్యూటర్లోంచి ఆ మెత్తటి గొంతే అడుగుతోంది, ఆ గొంతే చాలా బాగా చెప్పారు అంటోంది, పిల్ల థాంక్యూ అండీ, థాంక్యూ అండీ అంటూ గాలికి తలూపుతోంది. జవాబు అదే సాయంత్రం వచ్చింది, ఎంతో మర్యాదగా ఉంది. అలాంటి మర్యాదలు ఈ ఏడాది చాలా వచ్చాయి. ఆ రోజే అడిగింది, ఏడవకుండా, గిన్నెలు తుడుస్తూ.

"నాన్నా, నిజం చెప్పు. ఇందులో నాకు చోటుందా? లేకపోతే ఇప్పుడే చెప్పు, ఇంకేదన్నా చూసుకుంటా."

అతనికి నిజం తెలుసు, నోట్లోకి వచ్చింది కూడా, కానీ ఆ పిల్ల చేతిలో గుడ్డ అదే గిన్నెని తిప్పి తిప్పి తుడుస్తుంటే చూడలేక, శిష్యుణ్ణి తయారుచేసినవాళ్ళలో ఒకణ్ణి నేను, నన్నుంచుకుంటే ఈ పనికి ఇంకా మనుషులు కావాలన్నట్టు, ఆ కబురు రానీ అప్పుడు చెబుతా అన్నాడు. ఒట్టు వేసినట్టుగా అన్నాడు. ఆ పిల్ల అప్పట్నుంచి ఆ మాటమీదే ఉంది, పుస్తకాలు మళ్ళీ తీసింది, దరఖాస్తులు మళ్ళీ పెడుతోంది, పొద్దున స్నానాల గదిలో కూనిరాగం కూడా తీసింది. ఒక్క మెయిలు మీద రెండు బతుకులు పెట్టాడు, తెలివైనవాడెవడైనా అలా పెడతాడా? ఏదైనా ఒక్కచోటే పెట్టకురా, అది పడిపోతే అంతా పడిపోతుంది అని పిల్లలకి చెప్పిన పెద్దమనిషి తనే.

"నాన్నా." కూతురు గొంతు చెవి దగ్గరే, రహస్యంగా. "వచ్చింది కదూ?"

"ఊఁ."

"నే చూడనా?"

అతని చెయ్యి జేబులోకి పోయి ఫోను పట్టుకుంది, పట్టుకుని అక్కడే ఉంది. వద్దులే, ఇంటికెళ్ళాక అనొచ్చు. సాయంత్రానికి చూపు వస్తుంది, తనే చదువుకోవచ్చు, చదువుకుని, మొహం కడుక్కుని, ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చు. చివరికి జేబులోంచి తీసి ఇచ్చేశాడు. చదివి చెప్పు తల్లీ అన్నాడు. ఆ పిల్ల వేలు అద్దం మీద తట్టిన చప్పుడు. ఫ్యాను తిరుగుతోంది. ఇదా, ఇదా అంటోంది గోడ.

"ఇక్కడ సిగ్నల్ లేదు నాన్నా, తెరుచుకోవట్లేదు. ఆ చివర కిటికీ దగ్గరికెళ్ళి చూసొస్తా."

చెప్పులు దూరంగా వెళ్ళిపోయాయి. సిగ్నల్ లేకపోతే మెయిలు ఎలా వచ్చిందే పిచ్చి పిచ్చుకా? ఆ మాత్రం లెక్క తప్పే పిల్ల కాదు. నిజంగానే సగమే వచ్చి ఉండొచ్చు, పేరూ తేదీ వచ్చి అసలుది రాకపోయి ఉండొచ్చు, ఆసుపత్రి గోడలు మందం కదా, ఉండొచ్చు, ఉండొచ్చు. ఉంచుకున్నాం అని ఉంటే? ఇంకో ఏడాది ఎడమదీ కుడిదీ, ఇంకో ఏడాది ఈ పిల్లకి చోటుందని చెప్పడం. అది కావాలని ఇంతసేపూ గుండె కొట్టుకుందంటే సిగ్గేసింది. సిగ్గేసినా కొట్టుకోవడం మానలేదు.

మెత్తటి వేళ్ళు రెప్పలు పైకెత్తాయి, చిన్న లైటు ఒకటి లోపలికి దిగింది. "బాగా విచ్చుకున్నాయండీ. ఇక తెరిచే ఉంచండి, డాక్టరుగారు పిలుస్తారు" అని నర్సు పెద్దావిడ దగ్గరికి జరిగింది.

తెరిచాడు. వెలుతురంతా ఒక్కసారి మీదపడింది, తెల్లగా, అంచులు లేకుండా. తన చేతులు చూసుకున్నాడు, రెండు ముద్దలు, వేళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. పక్కన ఖాళీ కుర్చీ కూడా మసకే. తలెత్తాడు. నర్సు అబద్ధం చెప్పలేదు, దూరానివి కనపడుతున్నాయి, ఎంత బాగా కనపడుతున్నాయంటే నడవా ఆ చివర గోడమీద నిశ్శబ్దం అన్న అట్టకి కొట్టిన మేకులు కూడా కనపడుతున్నాయి. ఆ అట్ట కింద, కిటికీ దగ్గర, కూతురు నిలబడి ఉంది. ఇటే తిరిగి ఉంది. నాన్నకేమీ కనపడదు అనుకుంటోంది కాబట్టి మొహం దాచుకోవాలని తోచలేదు. ఫోను చదివింది. ఫోను కిందికి దించి మళ్ళీ ఎత్తి ఇంకోసారి చదివింది, చదివిందే చదివింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు రెండుసార్లు పైకి లేచి పడ్డాయి, అంతే, అంతకుమించి ఏడవడానికి ఆ పిల్ల ఒప్పుకోలేదు. చున్నీ అంచుతో కళ్ళు ఒత్తుకుంది, ముందు ఒకటి, తర్వాత ఒకటి. కిటికీ అద్దంలో మొహం చూసుకుంది. నవ్వింది. బాగాలేదనుకుంది కాబోలు, తీసేసి ఇంకోలా నవ్వింది, పెదవులు కలిపి, కొంచెం తక్కువగా. ఆ రెండోది ఉంచుకుని నడవడం మొదలుపెట్టింది.

లేచి ఎదురెళ్ళాలనిపించింది. భుజం మీద వేసుకోవాలనిపించింది. వెళితే తనకి కనపడిందని తెలిసిపోతుంది, అంత కష్టపడి తెచ్చుకుంటున్న నవ్వు సగం దారిలో పడిపోతుంది. అందుకని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, కళ్ళు ఎటో గోడవైపు పెట్టి కూర్చున్నాడు. ఆ పిల్ల దగ్గరికొచ్చేకొద్దీ చెరిగిపోతోంది, ముందు కళ్ళు పోయాయి, తర్వాత ఆ నవ్వు, పక్కన కూర్చునేసరికి మొహమంతా తెల్లటి వెలుతురులో కలిసిపోయింది. ఫోను తెచ్చి చేతిలో పెట్టింది, వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"అది కాదు నాన్నా. ఏదో సెలవుల గురించి. మన కబురు ఇవాళ రాదట, ఇంకొన్నాళ్ళు పడుతుందట."

"అలాగా."

"ఊఁ. నువ్వేం బెంగపడకు." మొహం దగ్గరగా తెచ్చినట్టుంది, ఊపిరి తగిలింది. "కళ్ళు తెరిచావే! ఏమన్నా కనపడుతోందా?"

"లేదు తల్లీ" అన్నాడు, ఆ పిల్ల చెయ్యి వెతుక్కుంటూ. "ఏమీ కనపడట్లేదు."